తవుడు తొలగిన బియ్యము

పదునైదవ శతాబ్దమున శ్రీనాథ మహాకవి పలనాటి సీమలో సంచరించుచు, అచట సన్నబియ్యపుటన్నము కంటికి కానరాక, పూటపూటకును జొన్నయన్నమును జొన్నయంబలియు భుజింపవలసి వచ్చినందులకు విసిగి చెప్పినట్లు ప్రసిద్ధములైన చాటువులు తెలుగువారి నోట నేటికిని నిలిచియున్నవి. ఆ పద్యములు నిక్కముగా ఆయన రచించినవేనా యను చర్చ యెట్లున్నను, రాజాస్థానముల భోజనమునకు అలవాటుపడిన కవికి వెలితిగా తోచిన ఆహారమే ఆ సీమ కాపులకు తరతరముల జీవనాధారమని మాత్రము వానివలన తేటపడుచున్నది. ఆ కాపుల సంతతివారు నేడు పూటపూటకును తెల్లని వరియన్నము తిని, నడివయస్సు రాకమునుపే మధుమేహమునకు లోనై, వైద్యుని యెదుట కూర్చుండి, రాత్రిపూట జొన్నరొట్టె తినుమను ఉపదేశమును వినుచున్నారు. ఈ రెండు కాలములకు నడుమ ఆనకట్టలు వెలసినవి, బియ్యపు మరలు వచ్చినవి, చౌకధరల దుకాణములు తెరువబడినవి. వైద్యశాస్త్రమున పిండిపదార్థమును గూర్చిన అభిప్రాయములు పలుమారులు తలక్రిందులైనవి. మధుమేహికి పథ్యము చెప్పువాడు ఆ రోగి తాతముత్తాతలు ఏమి తినిరో, ఆ తిండి ఎప్పుడు ఎందుచేత మారెనో యెరిగియుండవలెనని నా దృఢవిశ్వాసము.

వరి పూర్వము తెలుగునాట అందరి తిండి కాదు. నదుల యొడ్డునను, కాకతీయులనాటి పాకాల, రామప్ప వంటి చెరువుల క్రిందను వరి పండుచుండెను. తక్కిన మెట్ట యంతయు జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, రాగులకు చెల్లినది. రాయలసీమలో రాగిసంగటియు, తెలంగాణమున జొన్నరొట్టెయు గట్కయు, శ్రీకాకుళ విశాఖ మండలములలో చోడి అంబలియు దినదినాహారములు. వరియన్నము పండుగనాటికిని, పెండ్లికిని, అల్లుడు వచ్చిననాటికిని పరిమితమైన వైభవము. ఇట్లనుటవలన పూర్వకాలమును స్వర్గముగా వర్ణించుట నా యుద్దేశము కాదు. 1832-33లో గుంటూరు సీమను పాడుపెట్టిన నందన కరువును, 1876-78లో రాయలసీమను మాడ్చిన ధాత కరువును తలచుకొన్నవారెవ్వరును ఆనాటి పేదవాని కడుపు నిండియుండెనని చెప్పజాలరు. అంతియకాదు, తల్లిగర్భమున పోషణ చాలక తక్కువ బరువుతో పుట్టిన శిశువులు, పెద్దవారై మంచి తిండికి నోచుకొన్నప్పుడు, మధుమేహమునకు ఇతరులకంటె ఎక్కువగా గురియగుదురని ఆధునిక పరిశోధకులు కనుగొనియున్నారు. కావున ఆ కరువులును ఈ కథలో భాగములే.

వరి తిన్నవారును ఆనాడు తినినది నేటి బియ్యము కాదు. వేకువజామున వడ్లను రోటిలో పోసి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు మరియొకరి రోకలి పడునట్లు లయ తప్పక దంచుచుండిరి. మొదటి దంపునకు ఊక విడును. చేటతో చెరిగి ఊకను పోగొట్టినచో ముడిబియ్యము మిగులును. దానిని మరల రోట బోసి దంచగా పైపొర రాలి తవుడగును. తవుడు గేదెల కుడితిలోనికి, నూకలు బీదల జావలోనికి పోవుచుండెను. ఇచట గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు: ఎంతసేపు దంచిన అంత తెలుపు వచ్చును, కాని దంచు చేతులకు అలసట కలదు. ఇంటికి చాలినన్ని బియ్యము దంచి, తక్కిన పనులన్నియు చేసికొనవలసిన స్త్రీ గింజను ముత్యమువలె మెరయునంతవరకు దంచుట అరుదు. అందుచేత కొంత తవుడు గింజనంటియే యుండెడిది. ఆ మిగిలిన పొరలోనే పీచును, నూనెయు, విటమినులును కలవు. ధనికుల యిండ్లలో దంపునకు పనివారుండిరి గనుక వారి బియ్యమునకు తెలుపు ఎక్కువ; ఆ తెలుపే గౌరవచిహ్నమైనది. మర వచ్చి, ఆ గౌరవమును అందరికిని అణాలలో పంచిపెట్టినది.

ధవళేశ్వరమువద్ద గోదావరికి అడ్డముగా సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్టను 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించెను. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. కరువునకు కాణాచియైన డెల్టా భూములు రెండు మూడు తరములలో దేశమునకే ధాన్యాగారములైనవి. కాటన్ దొరకు గోదావరి మండలములలో ఊరూరను విగ్రహములు నిలిపి పూలమాలలు వేయుట ఊరక జరుగుట లేదు. ఆ నీరు లక్షలమందిని బ్రతికించినది. కాని వడ్లు రాసులైనప్పుడు రోకళ్ళు చాలవు. సముద్రమునకావల రంగూనులో ఆవిరి మరలు అప్పటికే వడ్లను తెల్లగా పాలిషు పట్టుచుండెను. ఆ మరలలో మూటలు మోసినవారు, ఓడరేవులలో సరకు నెత్తినవారు చాలవరకు మన కోరంగి, కాకినాడ, విశాఖ తీరములనుండి పోయిన కూలీలే యగుటచేత, బర్మీయులు తెలుగువారినందరిని కోరంగీలని పిలిచిరి. ఇరువదవ శతాబ్దమున అట్టి మరలే చిన్నరూపమున, ఆయిలు ఇంజనుతో, డెల్టా పట్టణములకును, పిదప పల్లెలకును వచ్చినవి. మరకు చేతులనొప్పి లేదు. అది ఎంత తెల్లన కావలెనన్న అంత తెల్లన చేయును. మర యజమానికి తవుడు అమ్ముడుపోవు సరకు కూడ.

తవుడు పోయినందులకు మొదటి శిక్ష మధుమేహము కాదు, బెరిబెరి. కాళ్ళు తిమ్మిరియెక్కి, నడక తడబడి, ఒళ్ళు వాచి, గుండె ఆగి మనుష్యులు చచ్చు ఆ వ్యాధి భారతదేశమున అరుదు. ఆనాడు అది నెలకొనియున్న కొలది ప్రదేశములలో మన ఉత్తర సర్కారు తీరము ముఖ్యమైనది. జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు పాలిషు బియ్యము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుటయు, తవుడు పెట్టగా కోలుకొనుటయు కనిపెట్టియుండెను. 1918లో కూనూరునందు రాబర్టు మెక్కారిసన్ బెరిబెరి పరిశోధనకై యొక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అచట ఆయన తరువాత వచ్చిన అయిక్రాయిడ్, తన సహచరులతో కూడి 1940లో భారతదేశపు బియ్యపు సమస్యనుగూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. తమిళులును మలయాళులును కూడ మరబియ్యమునే తినుచుండగా వారికేల ఈ వ్యాధి రాదు? వారిది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించి ఎండబెట్టి పిదప మరకు వేయుటచేత, తవుడులోని విటమిను గింజలోనికి ఇంకి, పైపొర పోయినను నిలుచును. మనవారికి ఉప్పుడు బియ్యపు వాసన గిట్టదు, పచ్చిబియ్యమే కావలెను, దానిని మూడుమారులు కడిగి, గంజి వార్చి, మిగిలినది కూడ పోగొట్టుకొనిరి. నేటికిని తెలుగునాటి మరలలో తయారగు ఉప్పుడు బియ్యము కేరళమువంటి సీమలకు పోవుచున్నది. తయారుచేయు ఊరివారు దానిని ముట్టరు. ఉప్పుడు బియ్యపు పిండిపదార్థము నెమ్మదిగా అరిగి రక్తమున చక్కెరను మెల్లగా చేర్చుననునది తరువాత తెలిసిన సంగతి.

కూనూరునందలి ఆ ప్రయోగశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. తార్నాకలోని ఆ భవనములముందు నడచువారిలో ఎందరికి తెలియునో గాని, భారతదేశపు పోషకాహార శాస్త్రమున కంతటికి తలమానికమైన ఆ సంస్థ, తవుడు తీసిన బియ్యమువలన కలిగిన రోగమును వెదకుచు పుట్టినది.

ఇక మధుమేహము. మన ప్రాచీన వైద్యులకు ఈ వ్యాధి చక్కగా తెలియును. రోగి మూత్రమునకు చీమలు చేరుననుటను చరకుడు గుర్తించెను; సుఖాసనము, అతినిద్ర, పెరుగు, క్రొత్తధాన్యము, బెల్లపు వంటకములు దీనికి హేతువులని చెప్పెను. లావుగా బలముగానుండు ప్రమేహిని, కృశించి దుర్బలుడైన ప్రమేహిని వేరుచేసి, ఇరువురికిని చికిత్స వేరనెను. పథ్యములలో ఆయన అగ్రస్థానమిచ్చినది యవలకు. వానితోపాటు చామలు, ఆరికలు మొదలగు చిరుధాన్యములకు. సుశ్రుతుని చికిత్స మరింత విచిత్రము. ధనహీనుడైన రోగి చెప్పులు గొడుగు లేక, బిచ్చమెత్తి తినుచు, ఊరికొక రాత్రికంటె నిలువక, మునివలె నూరు యోజనములు నడువవలెను. ధనవంతుడు చామలును నివ్వరిబియ్యమును ఉసిరికలును తినుచు వనమున మృగములతో కలిసి జీవింపవలెను. మరియొకడు పొలము దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను. అంతయు చెప్పి, కృశించిన రోగిని మాత్రము ఎల్లప్పుడు కాపాడుకొనవలెనని ఒక్క మాటలో హెచ్చరించెను. దేహమున ఇన్సులిను బొత్తుగా లేక చిక్కిపోవు రోగికిని, ఇన్సులిను ఉండియు పనిచేయక లావెక్కు రోగికిని గల భేదము ఆ ఋషితుల్యునికి అనుభవమాత్రమున తోచినదనుకొన్నప్పుడు నాకు ఆశ్చర్యమును గౌరవమును కలుగుచున్నవి. అయినను ఆ గ్రంథములందే సర్వమును కలదని వాదించువారితో నేను ఏకీభవింపను. రక్తమున చక్కెర కొలువజాలని వైద్యమునకు హద్దులుండెను, దుర్బలుని రక్షింపుమనుటయే గాని రక్షించు ఔషధము దానియొద్ద లేదు.

ఐరోపాలో ఈ వ్యాధిచరిత్ర ముఖ్యముగా పిండిపదార్థముతో జరిగిన పోరాటమే. 1776లో లివర్‌పూలు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మధుమేహి మూత్రమును ఇగిర్చి, అడుగున చక్కెర మిగులుట చూపెను. చక్కెర దేహమునుండి పోవుచున్నదని తెలియగానే రెండు విరుద్ధవాదములు పుట్టినవి: పోయినదానిని తిరిగి తినిపింపవలెనని కొందరు, అది పుట్టు తిండినే మాన్పింపవలెనని కొందరు. స్కాట్లండు దేశీయుడైన జాన్ రోలో అను సైనికవైద్యుడు రెండవ పక్షమువాడు. మెరిడిత్ అను స్థూలకాయుడైన సేనానికి ఆయన పెట్టిన పథ్యము, 1797లో ప్రకటింపబడినది, మన వారికి చదువుటకే రోత: పాలును సున్నపునీరును, నెత్తురును కొవ్వును కలిపి వండిన ముద్దలు, నిలువయుంచిన మాంసము. సేనాని చిక్కెను, మూత్రమున చక్కెర తగ్గెను. తరువాత ఫ్రాన్సులో బుషార్దా అను వైద్యుడు, 1870-71లో జర్మనుల ముట్టడిలో పారిసు నగరము తిండిలేక మలమల మాడినప్పుడు, తన మధుమేహులలో పలువురికి మూత్రమున చక్కెర మాయమగుట గుర్తించెను. అందరు ఏడ్చుచున్న ఆ ఆకలిలో ఒక చికిత్స దాగియున్నదని కనిపెట్టిన ఆ చూపు సామాన్యమైనది కాదు. సాధ్యమైనంత తక్కువ తినుడు, ఒళ్ళువంచి పనిచేయుడని ఆయన రోగులకు చెప్పెను.

ఈ బోధను అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ పరాకాష్ఠకు తెచ్చెను. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్యశాలలో 1914 మొదలుగా ఆయన రోగులను మూత్రము చక్కెర విడుచువరకు పస్తుంచి, పిదప కొలిచి కొలిచి, పలుమార్లు ఉడికించి నీరు పారబోసిన కూరలవంటివానితో ఆరంభించి, దేహము ఓర్చునంతమాత్రమే తిననిచ్చుచుండెను. లావైన నడివయస్కులకు ఈ పద్ధతివలన మేలు కలిగెను. ఇన్సులిను లేక క్షీణించు బాలబాలికలకు మాత్రము ఇది మరణమును వాయిదావేయు ఉపవాసము. ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక, అమెరికా విదేశాంగమంత్రి కుమార్తె, 1922 ఆగస్టులో టొరంటోకు వచ్చునప్పటికి 45 పౌండ్ల బరువు మాత్రమే యుండెను. ఆ సంవత్సరమే జనవరి 11న టొరంటోలో లియొనార్డు థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారి ఇన్సులిను సూది వేయబడినది. బాంటింగు, బెస్టు, మెక్లియోడ్, కాలిప్‌ల కృషిచే లోకమునకు దొరికిన ఆ ద్రావకముతో ఎలిజబెత్ బ్రదికి, పెరిగి, పెండ్లియాడి, ముసలితనము చూచెను. 1936లో లండనునందు హిమ్స్‌వర్త్ ఇన్సులినునకు లొంగు మధుమేహము, లొంగని మధుమేహము అని రెండు విధములను ప్రయోగపూర్వకముగా వేరుపరచెను. సుశ్రుతుడు కంటితో చూచినదానికి కొలత దొరికినది.

ఈ ఆధునిక చరిత్రలో భారతదేశము ప్రముఖముగా కానవచ్చునది 1907లో. ఆ యేట బ్రిటిషు వైద్యసంఘము ఉష్ణదేశములలోని మధుమేహమునుగూర్చి చర్చ జరుపగా, కలకత్తా వైద్యులు తమ నగరమున చదువుకొన్న, ధనవంతులైన, కూర్చుండి పనిచేయు భద్రలోకులలో ఈ వ్యాధి విరివిగా నున్నదని సాక్ష్యమిచ్చిరి. అన్నము, మిఠాయి, వ్యాయామలోపము కారణములనిరి. మన దేశమున చాలకాలము ఇది ప్లీడర్ల రోగము, జమీందార్ల రోగము. చెరకుతోటల కూలీలై 1860 మొదలు నాటాలునకు పోయిన తెలుగు తమిళ కుటుంబములలో మాత్రము ఇది ముందుగానే సామాన్యులకు ప్రాకినది. 1960వ దశకమున డర్బనులోని కాంబెల్ అను వైద్యుడు నాటాలు భారతీయులలో మధుమేహపు విస్తృతి చూచి, శుద్ధిచేసిన చక్కెరనే దోషిగా నిలిపి, క్లీవ్ అను సహరచయితతో కలిసి 1966లో పుస్తకము వ్రాసెను.

ఇరువదవ శతాబ్దపు నడిమికాలమున మధుమేహియున్న తెలుగింటిలో ప్రతి ఉదయము ఒక చిన్న క్రతువు జరుగుచుండెను. గాజు పరీక్షానాళికలో నీలపురంగు బెనెడిక్టు ద్రావకమును 5 సీసీలు పోసి, అందు ఎనిమిది బొట్లు మూత్రము వేసి, స్పిరిటు దీపముపై మరగించి, ఇంటివారు రంగుకై కనిపెట్టుకొని యుండెడివారు. నీలము నిలిచెనా, చక్కెర లేదు. ఆకుపచ్చ తిరిగెనా, కొంచెము. పసుపు, నారింజ, చివరకు ఇటుకఎరుపు వచ్చెనా, ఆనాడు ఇంటి పెద్దకు అన్నము కోత. నిన్న పెండ్లివిందులో తినిన బూరెను ఎవరును నోటితో ఒప్పుకొనకున్నను నాళిక చెప్పివేయుచుండెను.

అన్నము కోసిన చోట వచ్చిచేరినది గోధుమ. రాత్రిపూట అన్నము మాని రెండు చపాతీలు తినుట తెలుగువారి మధ్యతరగతి యిండ్లలో చక్కెరవ్యాధికి ఇంచుమించు గుర్తుగా మారినది. 1954నాటి పీఎల్ 480 చట్టము క్రింద అమెరికా గోధుమలు ఓడలలో దిగుచుండగా, గోధుమ దక్షిణాదికి అలవాటగుటకును ఈ పథ్యము ప్రచారమగుటకును కాలము కలిసివచ్చినది. ఈ ఆచారమును నేను తేలికగా తీసివేయను, కాని దాని రహస్యము జనులనుకొనునట్లు గోధుమలో లేదు. నూరు గ్రాముల పచ్చిబియ్యమున సుమారు 78 గ్రాముల పిండిపదార్థము కలదు. గోధుమపిండిలో 70కి అటునిటు. జొన్నలలోను రాగులలోను 72 ప్రాంతము. భేదము స్వల్పము. రహస్యము లెక్కలో నున్నది. చపాతీ లెక్కపెట్టవచ్చును, అన్నమును లెక్కపెట్టలేము. రెండు చపాతీలు తిన్నవానికి దాదాపు 40 గ్రాముల పిండిపదార్థము చేరును. మన సంప్రదాయ భోజనమున పప్పులోనికి అన్నము, కూరలోనికి అన్నము, పులుసులోనికి అన్నము, చారులోనికి అన్నము, మజ్జిగలోనికి అన్నము. ప్రతి యాదరువునకును ఇల్లాలు మరల వడ్డించును, వలదనుట మర్యాద కాదు. నాలుగు మారులు నూరేసి గ్రాముల ఉడికిన అన్నము వేసికొన్నను పూటకు 110 గ్రాములు దాటును. ఆ పప్పు, కూర, ఆకుకూర యన్నమునకు నంజుకొనునవి మాత్రమై పోయినవి.

ఆ యన్నమైనను పూర్వము సామాన్యునకు అందనిది. 1967లో పశ్చిమగోదావరి ఆచంట రైతు ఐఆర్-8 వరిని పండించి దేశమునకు దారిచూపెను. నాగార్జునసాగరము నీరు పలనాటి మెట్టలకు పారినది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చెను. ఆకలిని ఎరిగినవాడెవ్వడును ఆ పథకమును నిందింపడు, నేనును నిందింపను. కాని దానితో అనంతపురమున రాగియు, మహబూబునగరమున జొన్నయు అడుగంటుటయు నిజమే. మూటలుమోయు కూలీకిని పాలిషు పట్టిన తెల్లని బియ్యము దొరికినది. చద్దన్నమునకు మారుగా ఇడ్లీ, ఉప్మా, పూరీ వచ్చినవి. ఆటో, మోటారుసైకిలు వచ్చి కాళ్ళకు పని తగ్గినది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వేనుబట్టి దేశమున 10 కోట్లకు పైగా మధుమేహులు కలరు. భారతీయుని తిండిలో శక్తియందు 60 శాతమునకు మించి పిండిపదార్థములనుండియే వచ్చుచున్నది. మరబియ్యమొక్కటే ఇంతటికి కారణమనుట అతిశయోక్తి. వయస్సు, వంశము, పొట్టచుట్టు పేరిన కొవ్వు, నిద్రలేమి అన్నియు భాగస్వాములే. అయినను తగ్గించుటకు మన చేతిలోనున్న వానిలో మొదటిది కంచమునందలి ఆ తెల్లని రాశియే.

ఇటీవలి శాస్త్రమువలన పాతవాదములు క్రొత్త రూపమున మరలి వచ్చినవి. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ ఏ తిండి ఎంత వేగముగా రక్తమున చక్కెర పెంచునో కొలిచి, గ్లైసిమిక్ ఇండెక్సు అను సూచికను ఏర్పరచెను; అందు తెల్లని అన్నము పైవరుసను, పప్పులు క్రిందివరుసను నిలిచినవి. 2017లో బ్రిటనులో జరిగిన ఒక ప్రయోగమున, రోజుకు సుమారు 850 కాలరీల ఆహారమును కొన్ని నెలలు పుచ్చుకొని బరువు తగ్గినవారిలో దాదాపు సగముమందికి ఏడాది తరువాత మాత్రలు లేకయే మధుమేహము అదుపున నుండెను. పారిసు ముట్టడిలో బుషార్దా చూచినది పనికిమాలిన భ్రమ కాదని తేలినది. అట్లని ఇన్సులినుగాని, చక్కెరను దింపు కొన్ని మాత్రలుగాని వాడువారు వైద్యుని యెరుక లేకుండ పస్తులుండిరా, చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగును. మద్రాసు పరిశోధకులు మన దేశీయుల తిండినే లెక్కించి, పిండిపదార్థమును మొత్తము శక్తిలో 50-55 శాతమునకు దింపి, మాంసకృత్తులను పెంచుట చాలునని చెప్పియున్నారు. అన్నమును బొత్తుగా మానుమను కఠినోపదేశముకంటె ఈ మాట మన వారికి ఆచరణయోగ్యము.

చిరుధాన్యములు మరల అంగళ్ళలోనికి వచ్చుట సంతోషకరమే. కాని రాగిని మెత్తగా పిండిపట్టించి, పలుచని జావ కాచి, గ్లాసుల లెక్కన త్రాగి, చక్కెర దిగుననుకొనువారిని చూచి బాధపడుచున్నాను. గింజ నలిగిన కొలదిని, పలుచనైన కొలదిని త్వరగా అరుగును. రాగిజావ రక్తమున చక్కెరను అన్నమంత చురుకుగనే లేపగలదు. పొలమునకు పోవు రైతు గట్టిసంగటి ముద్దను పప్పుతోను, వేరుశనగ పచ్చడితోను, ఆకుకూరతోను తినెడివాడు. ఆ తోడు లేని రాగికి ఆ గుణము లేదు. మరియొక వైపున మన శాస్త్రజ్ఞులు వరినే మెరుగుపరుప బూనుకొనిరి. రాజేంద్రనగరము వ్యవసాయ విశ్వవిద్యాలయమున రూపొందిన తెలంగాణ సోనా రకమునకు గ్లైసిమిక్ సూచిక 51 ప్రాంతమున నున్నదని పరీక్షలలో తేలినది. రుచియు సన్నదనమును చెడకుండ నెమ్మదిగా అరుగు బియ్యము దొరకుట సామాన్యమైన మేలు కాదు. అయినను ఆ బియ్యమును కూడ నాలుగుమారులు వడ్డించుకొన్నచో ఆ మేలు మిగులదు.

మన వైద్యశాలలలో ఇచ్చు పథ్యపు కాగితములు నేటికిని చాలచోట్ల బ్రెడ్డుముక్కలనో, చపాతీలనో లెక్కించుచున్నవి. గోదావరి జిల్లా ముసలమ్మకు ఆ కాగితము పరాయిది. ఆమె దానిని మడిచి సంచిలో పెట్టుకొని, ఇంటికిపోయి ఎప్పటివలెనే తినును. ఆమె భోజనక్రమముననే ఆ కాగితమును వ్రాయవలెను. మొదట విస్తరిలో కూరయు ఆకుకూరపప్పును గరిటెలకొలది, అన్నము లేకయే కొంత తిననీయవలెను. పిదప చిన్న గిన్నెతో ఒక్కమారు కొలిచిపెట్టిన అన్నము, వీలైన దంపుడో ఉప్పుడో. దానినే పప్పునకును పులుసునకును సర్దుకొనవలెనని స్పష్టముగా చెప్పవలెను. చారును గిన్నెలో పోసికొని త్రాగుమని, కడపట మజ్జిగను అన్నములో కలుపుకొనక లోటాతో పుచ్చుకొనుమని వ్రాయవలెను. వడ్డించు కోడలికిని ఆ కాగితము చదివి వినిపింపవలెను.